సాక్సులు వెతికిన ఏడాది

నలభై ఏడేళ్ల వయసులో పరుగెత్తడం మొదలుపెట్టానని చెబితే మా పుట్టింటివాళ్లు ముందుగా అడిగింది, ఎవరు తరిమారని. మనుషులెవరూ తరమలేదు. షుగరు తరిమింది. ఆఫీసులో అందరికీ రక్తపరీక్షలు చేస్తే నాకు చక్కెర హద్దు దాటిందని తేలింది. డాక్టరమ్మ ఒక మాత్ర రాసి, రోజూ పొద్దున్నే నడవమంది.

మా ఇల్లు నాంపల్లి స్టేషను వెనక సందులో. రోడ్డు దాటి కాస్త నడిస్తే పబ్లిక్ గార్డెన్స్. కాబట్టి నడకకి చోటు లేదన్న సాకు కూడా దొరకలేదు. పాత చుడీదారు వేసుకుని, చెప్పులతోనే కొన్నాళ్లు నడిచాను. నిజం చెప్పాలంటే నడక నాకు నచ్చలేదు. నడిచేవాళ్లు మాట్లాడతారు. పక్కన ఎవరో ఒకరు చేరి, తమ మోకాళ్ల దగ్గర మొదలుపెట్టి కోడళ్ల దాకా వస్తారు. ఇంట్లో మాటలు, బషీర్‌బాగ్‌లో ఆఫీసుకెళ్తే అక్కడా మాటలు, మధ్యలో దొరికిన ఆ కాస్త సమయంలో కూడా మాటలేనా అని చిరాకుగా ఉండేది.

ఒకరోజు తోట మధ్యలో ఉండగా వాన పట్టుకుంది. అందరూ చెట్ల కిందకి చేరారు. చెట్టు కింద చేరితే మళ్లీ మాటలే కదా అని నేను గేటు దాకా పరుగెత్తాను. గేటు దగ్గర ఆగి చూసుకుంటే గుండె దడదడలాడుతోంది, చెప్పు ఒకటి తెగింది, చున్నీ ముద్దైపోయింది. నేను మాత్రం నవ్వుతున్నాను. బడి చదువు అయ్యాక నేను పరుగెత్తిందంతా బస్సుల వెనకే. దేని వెనకా కాకుండా, ఊరికే పరుగెత్తడం ఎంత బాగుంటుందో అప్పటిదాకా మర్చిపోయాను.

మర్నాడు సాయంత్రమే ఆబిడ్స్ వెళ్లి బూట్లు కొన్నాను. ఆ షాపువాడు నా వైపు, నా జుట్టులో తెలుపు వైపు చూసి, మీ అబ్బాయికా మేడం అన్నాడు. నాకే అన్నాను. పాపం, ఆ మాటకి పరిహారం అన్నట్టు ఒక జత సాక్సులు ఊరికే ఇచ్చాడు. నా కష్టాలన్నీ ఆ ఊరికే ఇచ్చిన జతతో మొదలయ్యాయి.

మొదట్లో అంతా బాగానే ఉంది. రెండు దీపస్తంభాల దూరం పరుగు, మళ్లీ నడక, మళ్లీ పరుగు. కొన్ని నెలలకి తోట చుట్టూ ఆగకుండా తిరగగలిగాను. షుగరు దిగింది. డాక్టరమ్మ కాగితాలు చూసి, ఇలాగే ఉంటే మాత్ర పెంచక్కర్లేదని చెప్పింది. ఆ రోజు క్లినిక్ మెట్లు నేను దిగలేదు, గెంతాను. పరుగు నాకు మందు అనుకుని మొదలుపెట్టాను గానీ, అప్పటికే అది మందు కన్నా ఎక్కువైంది. రోజు మొత్తంలో నన్ను ఎవరూ ఏదీ అడగని సమయం అదొక్కటే.

ఆ తర్వాత కుడికాలి వేళ్ల సందులో బొబ్బ లేచింది.

మామూలు ఇంట్లో అయితే బొబ్బ పెద్ద విషయమేమీ కాదు. మా ఇంట్లో మాత్రం దాని పేరెత్తితే అందరి చూపూ ఒక్కచోటికే వెళ్తుంది. మా అత్తమ్మ ఎడమకాలికి బొటనవేలి పక్క వేలు లేదు. ఆమెకి ముప్పై ఏళ్ల పైనుంచీ షుగరు. నా పెళ్లికి ముందే, కొత్త చెప్పు కరిచి, చిన్న పుండై, అది మానక చివరికి దవాఖానలో వేలు తీసేశారని మా ఇంట్లో చెప్పుకునే కథ. మా ఆయన అప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. తల్లిని ఆపరేషనుకి తీసుకెళ్లినప్పుడు బయట బల్ల మీద కూర్చుంది ఆయనే. అందుకే ఇప్పటికీ ఇంట్లోకి కొత్త చెప్పులు వస్తే ముందు ఆయన చెయ్యి లోపల పెట్టి తడిమి చూస్తాడు. నా బొబ్బ కూడా ఆయన చూశాడు. ఆ పూట అన్నం సగంలో లేచిపోయాడు.

డాక్టరమ్మ మాత్రం సూటిగా చెప్పింది.

"ఇది మానేదాకా పరుగు వద్దు. సాక్సులు మార్చండి, మంచివి చూసుకోండి. మళ్లీ అక్కడే పుండు పడిందంటే ఇక అసలు పరుగే వద్దు. షుగరున్న కాలితో ఆటలాడకూడదు."

ఆమె చెప్పింది సాక్సుల గురించి. నాకు వినబడింది మాత్రం పరుగు ఆగిపోతుందన్న మాట. సరే, సాక్సులే కదా, ఊళ్లో లేని సాక్సులా అనుకున్నాను.

ఇక్కడ మా పుట్టింటివాళ్ల గురించి కొంచెం చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా తాత గుమాస్తా ఉద్యోగంతో గుంటూరు వైపు నుంచి ఇక్కడికి వచ్చాడు. వస్తూ వస్తూ ఆయన తెచ్చుకున్నవి రెండే, ఆవకాయ జాడీ, నూలు మీద నమ్మకం. జాడీ ఎప్పుడో పగిలింది. నమ్మకం చెక్కు చెదరలేదు. మా ఇంట్లో ఒళ్లు పేలినా, జ్వరమొచ్చినా, ఎండలు ముదిరినా మందు ఒక్కటే, నూలుబట్ట. పాలిస్టరు చొక్కా వేసుకుని వచ్చిన చుట్టాన్ని మా నాన్న రోగిని పరామర్శించినట్టు పలకరించేవాడు. ఇలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, మంచి సాక్సులంటే ఇంకేం కొంటాను? బేగం బజార్ వెళ్లి, బడిపిల్లలు వేసుకునే అచ్చమైన నూలు సాక్సులు, తెల్లవి, డజను కొన్నాను. అక్కడ విడిగా ఒక జత ఇవ్వమంటే షాపాయన, నేనేదో అప్పు అడిగినట్టు మొహం పెట్టాడు.

బొబ్బ మానాక నూలు సాక్సులతో పరుగుకెళ్లాను. సగం దూరం పోకముందే అవి చెమట తాగి, ఉతికి పిండకుండా వదిలేసిన బట్టల్లా అయ్యాయి. బూటులో కాలు పెట్టినట్టు లేదు, బురదలో పెట్టినట్టుంది. వారం తిరక్కముందే వేళ్ల సందు ఎర్రబడింది. మా నాన్న ఉంటే తప్పు నూలుది కాదు, పరుగుదే అని తేల్చేవాడు.

ఆ తర్వాత స్కూటరు నడిపే ఆడవాళ్లు చెప్పుల్లోకి వేసుకునే సాక్సులు, బొటనవేలు విడిగా ఉండేవి, వేసి చూశాను. ఆ విడదీసిన చోటున్న కుట్టు సరిగ్గా సందులో కూర్చుని కోసింది. ఒక ఆదివారం ఆబిడ్స్‌లో పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద ఒకాయన దళసరి సాక్సుల గుట్ట పోసుకుని కూర్చుంటే, టవలులా మెత్తగా ఉన్నాయి కదా అని తెచ్చాను. అవి వేసుకుంటే బూటులో కాలికి చోటు చాల్లేదు. వేళ్లు రద్దీ బస్సులో మనుషుల్లా ఒకదాన్నొకటి తోసుకున్నాయి. మా ఆయన ఎక్కడో చదివానని చెప్పి, ఒకదాని మీద ఒకటి రెండు జతలు వేసుకోమన్నాడు. ఆయన చదివిందేమో గానీ పరుగెత్తింది లేదు. అది కూడా చేసి చూశాను.

చివరికి ఆబిడ్స్‌లోనే ఆటసామాన్లు అమ్మే పెద్ద షాపుకి వెళ్లాను. అక్కడి కుర్చీలో కూర్చోబెట్టి, సేల్స్‌మన్ ఒకాయన నాకు చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. మనిషి మాటకారి. చేతిలో ఉన్నది షాపులోకెల్లా ఖరీదైన జత కావడం వల్ల ఉత్సాహం ఇంకొంచెం ఎక్కువగా ఉంది.

"కాటన్ సంగతి మర్సిపోండ్రి మేడం," అన్నాడు. "కాటన్ చెమట తాగుతది, ఇడ్వది. గిది తాగది, బయటికి తోస్తది."

నూలు గురించి అంత మాట నేను జీవితంలో వినలేదు. మా తాత, నాన్న పైనుంచి వింటున్నారేమో అని ఒకసారి కప్పు వైపు చూశాను. అయినా ఆయన చెప్పింది సబబుగానే తోచింది. సాక్సు పలచగా ఉండాలట. లోపలివైపు తిప్పి వేళ్ల దగ్గర వేలితో రాస్తే కుట్టు తగలకూడదట. మడమ దగ్గర సంచిలా వేలాడకుండా కాలిని పట్టి ఉండాలట. కాళ్లు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, పరుగెత్తే బూట్లతోనే వేసి చూసుకుని కొనాలట. అన్నీ చూసుకున్నాను. ధర చూసి కింద పెట్టి, పుండు గుర్తొచ్చి మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. నిమ్మపండు రంగుది ఒక జత, బూడిద రంగుది ఒక జత.

ఆ సాక్సులు నిజంగానే మంచివి. వేసుకున్నానన్న సంగతే తెలియలేదు. కొన్నాళ్లు వేళ్ల సందు చల్లగా, మామూలుగా ఉంది. దొరికిందిరా అనుకున్నాను. అంతలో మళ్లీ అక్కడే, అదే చోట, గోరంత ఎరుపు.

ఆ ఆదివారం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే అర్థమైంది. తీగ మీద వరసగా నా సాక్సులన్నీ ఉన్నాయి. తెల్ల నూలువి, బొటనవేలివి, టవలువి, నిమ్మరంగువి. లోపలివైపు తిప్పి ఆరేయడం నాకు అలవాటు. ప్రతి సాక్సు లోపలా, బొటనవేలి పక్కన, ఒకటే చోట, ఉంగరం చుట్టంత నల్లటి మరక. ఇన్నాళ్లూ బూట్ల రంగు దిగిందనుకున్నాను. బూటు రంగు సాక్సు లోపలికెలా వస్తుంది? చెమటకి నల్లబడేది వెండి. అక్కడే బకెట్టు బోర్లించి కూర్చుని నా కాలు చూసుకున్నాను.

మెట్టెలు.

పెళ్లిరోజు తొడిగినవి. అరిగినప్పుడు మారుస్తాం గానీ, కొత్తవి ముందు తొడిగి, ఆ తర్వాతే పాతవి తీస్తాం. వేలు ఒక్క క్షణమైనా బోసిగా ఉండకూడదు. ఇన్నేళ్లలో అవి వేలిలో భాగమైపోయాయి. బూట్లు కొన్నప్పుడు కాలి కొలత ఇచ్చాను, మెట్టెలతోనే ఇచ్చాను. కుట్టు తగలని సాక్సు కోసం ఆబిడ్స్ అంతా తిరిగాను, వేలికి వెండి చుట్టుకుని తిరిగాను. డాక్టరమ్మ కూడా చూసింది కదా, ఆమెకైనా తట్టలేదేం అని కోపమొచ్చింది. ఆమె కాళ్లకీ ఉన్నాయి మరి. కళ్లద్దాలు పెట్టుకుని కళ్లద్దాలు వెతికే జాతి మాది, ఆమెను అనుకుని ఏం లాభం.

సంగతి తెలిసిపోయింది కాబట్టి తీసేస్తే సరిపోయేది. తీయలేకపోయాను. నాకు నమ్మకమా అంటే, ఏమో. వెండి తీస్తే మనిషికేదో అవుతుందని ఎవరైనా అడ్డంగా వాదిస్తే నేను నవ్వుతాను. అయినా సబ్బు చేతిలోకి తీసుకుని వేలి దాకా వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. మా ఆయనతో చెప్పాను. అలాంటివి తనకి నమ్మకం లేదన్నాడు. మరి తీసేయనా అంటే, కాసేపు ఆలోచించి, అమ్మనొక మాట అడుగు అన్నాడు.

అమ్మను అడగడమే కష్టం. అత్తమ్మ కసిరే మనిషి కాదు. నేను పెళ్లై వచ్చినప్పుడు, మా వైపు అలవాటు కొద్దీ అత్తయ్యగారూ అని పిలిస్తే, గంత దూరం నుంచి ఎందుకు పిలుస్తవ్ అంది. అప్పటి నుంచి అత్తమ్మే. కానీ ఆమె కాళ్లకి మెట్టెలు లేవు. కుడికాలికి ఉన్నదీ మామగారు పోయిననాడు తీసేశారు. పండగరోజు పసుపు రాసుకున్న నా కాళ్ల వైపు ఆమె చూపు ఒక్క క్షణం ఆగడం నేను చూశాను. అలాంటి మనిషి ఎదురుగా నిలబడి, మీకు లేనివి నాకు అడ్డంగా ఉన్నాయని ఏ నోటితో చెప్పను? పరుగు కోసమైనా ఆ మాట అనలేకపోయాను.

అందుకని సాక్సుల్లోనే దారి వెతికాను. మెట్టె చుట్టూ దారం చుట్టాను. అది తడిసి ఇంకా గట్టిగా ఒరిసింది. ఐదు వేళ్లకీ ఐదు తొడుగులుండే సాక్సులు ఎక్కడో తెప్పించాను. అవి వేసుకుని హాల్లోకి వస్తే మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. అప్పుడొక గొప్ప ఆలోచన వచ్చింది. మెట్టె లోపల ఉంటేనే కదా ఒరిసేది, సాక్సు తొడిగాక దాని మీద పెట్టుకుంటే? వేలు బోసిగా ఉండదు, చర్మానికీ తగలదు. తాళికట్టిన వాడికీ, పరుగుకీ ఇద్దరికీ న్యాయం. పుండు పడే కుడికాలిది మాత్రం కళ్లు మూసుకుని తీసి, వెంటనే ఆ ఐదువేళ్ల సాక్సు మీద పెట్టుకుని, ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకుని బయల్దేరాను. గార్డెన్స్‌లో సగం దూరంలో మెట్టె వేలి మీంచి జారి బూటు ముందు భాగంలోకి దొర్లింది. ఆగి తీస్తే సరిపోయేది. పక్కనే బెంచీ మీద నడకవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు బూటు విప్పి మెట్టె వెతుక్కోవడానికి సిగ్గేసింది. అలాగే ఇంటి దాకా పరుగెత్తాను.

ఇంటికొచ్చి సాక్సు లాగితే చర్మం కూడా దాంతో వచ్చింది.

వరండాలో కుర్చీలో కూర్చున్నాను. ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. మళ్లీ అదే చోట పుండు. డాక్టరమ్మ ఏమంటుందో తెలుసు, మా ఆయన మొహం ఎలా అవుతుందో తెలుసు. రేపటి నుంచి మళ్లీ చెప్పులు, మోకాళ్లు, కోడళ్లు. నలభై ఏడేళ్లకి నాకంటూ దొరికిన ఒక్కటీ పోయిందని అనిపించింది. చిన్నపిల్లలా ముక్కు తుడుచుకుంటుంటే లోపలి నుంచి అత్తమ్మ వచ్చింది.

ఆమెకి చూపు తగ్గింది. అయినా నా కాలు చూసింది. పక్కన పడి ఉన్న సాక్సు తీసి, మీద ఉన్న మరక చూసింది. నా చేతిలో మెట్టె చూసింది. ఆమె గోడ పట్టుకుని మెల్లిగా నా ఎదుట పీట మీద కూర్చుంది.

"మట్టె వల్లనే అయితుందా ఇది?" అంది. మెట్టెని అత్తగారి వైపు మట్టె అంటారు.

ఔనన్నట్టు తల ఊపాను.

"ఎప్పటి సంది ఎర్కనే నీకు?"

కొన్నాళ్లుగా తెలుసునని చెప్పాను. మరి తీయలేదేమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. చాలాసేపు తన కాలి వైపు, ఆ ఖాళీ వైపు చూస్తూ కూర్చుంది. స్టేషనులో ఏదో రైలు కదులుతున్న చప్పుడు వినిపించింది.

"నీ మొగనికి గూడ చెప్పలే ఈ మాట," అంది. "చెప్పు కర్సిందని అందరికి చెప్పిన. చెప్పు గాదు బిడ్డా. మట్టె కింద పుండయింది. చూపిస్తే తీయమంటరని చూపియ్యలే. చీర అంచు కిందికి గుంజుకొని తిరిగిన. దవాఖానకు పొయ్యేసరికి వేలు నల్లగయ్యింది."

ఇన్నేళ్లుగా మా ఆయన కొత్త చెప్పులన్నీ చేత్తో తడిమి చూస్తున్నాడు.

"వేలే తీసేసిన్రు. వేలుతోని మట్టె గూడ వాయె. గప్పుడు మస్తు ఏడ్సిన, ఇగ ఆయనకేమైతదో అని. దినాం లేసి ఆయన మొకం చూసేదాన్ని. ఏం గాలె. ఇంకా పదేండ్లు మంచిగ బతికిండు మీ మామ. నా వేలే ఊకెనే పోయింది."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. కోపముంది. ఎవరి మీదో తెలియని కోపం, బహుశా తన మీదే. అంత వయసు మనిషి అన్నేళ్లు ఆ కోపాన్ని ఒక్కతే మోసింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకుంది. ఎవరైనా జాలిపడటం ఆమెకి ఇష్టముండదు.

"సబ్బు తే," అంది.

తెచ్చాను. ఎడమకాలి మెట్టె ఆమే తీసింది. నేను పెట్టుకున్నప్పటి నుంచి కదలనిది, సబ్బునురగలో కాస్త మొరాయించి, ఎముక దగ్గర పట్టేసి, ఆ తర్వాత జారి ఆమె అరచేతిలో పడింది. వేలు చుట్టూ తెల్లగా, మెత్తగా, ఎండ ఎరగని చర్మం. కుడికాలిది ఎలాగూ ఊడే ఉంది. ఎంత ధైర్యం చెప్పుకున్నా లోపల ఏదో ఒక మూల భయం ఉంటుంది కదా. ఆమెకీ ఉన్నట్టుంది. లోపలి గదివైపు తిరిగి కొడుకుని పిలిచింది.

"ఏందమ్మా?" అన్నాడు ఆయన, పేపరు చదువుకుంటూనే.

"ఏం లే. మంచిగనే ఉన్నవా?"

ఆయన మంచిగనే ఉన్నాననీ, ఎవరైనా చాయ్ పెడితే ఇంకా మంచిగ ఉంటాననీ చెప్పాడు. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. కాలి మీద పుండు మండుతూనే ఉంది, నేను పగలబడి నవ్వుతున్నాను. ఏమైందోనని ఆయన బయటికొచ్చి, మా ఇద్దరినీ, నా కాళ్లనీ, తల్లి చేతిలో వెండినీ చూశాడు. ఏమీ అడక్కుండా తనే వెళ్లి చాయ్ పెట్టాడు. ఆమె తన వేలి సంగతి ఆ సాయంత్రం ఆయనకి చెప్పింది. వాళ్లిద్దరూ చాలాసేపు తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం. అత్తమ్మ ఆటో వద్దని, స్టేషను రోడ్డు మీదుగా నా చెయ్యి పట్టుకుని నడిచింది. పుండు చూసి డాక్టరమ్మ మొహం గంభీరంగా పెట్టింది. పరుగు వద్దని చెప్పడానికి నోరు తెరిచిందో లేదో అత్తమ్మ కల్పించుకుని, తప్పు సాక్సులది గాదు, మట్టెలది అనీ, అవి ఇప్పుడు తీసేసినమనీ, ఇంకొక్కసారి పోనియ్యమనీ చెప్పింది. డాక్టరమ్మ నా వేళ్ల సందు మళ్లీ చూసింది. ఆ తర్వాత బల్ల కింద తన కాళ్లు కొంచెం వెనక్కి లాక్కుంది. పూర్తిగా మానాక, రోజూ చూసుకుంటానంటే, ఒకసారి చూద్దామంది. మందు రాస్తున్నంతసేపూ అత్తమ్మ ఆమె పెన్ను వైపే చూస్తూ కూర్చుంది.

మానడానికి చాలా రోజులు పట్టింది. షుగరున్న కాలు ఎవరి తొందరా వినదు. ఆ రోజుల్లో నేను మహా విసుగ్గా ఉన్నాను, ఇంట్లోవాళ్లంతా నాకు దూరంగా మసలుకున్నారు. వచ్చిన చుట్టాల్లో ఒకావిడ నా కాళ్లు చూసి, గుచ్చి గుచ్చి అడిగింది. నేను ఏదో చెప్పబోతుంటే అత్తమ్మ వంటింట్లోంచే, నేనే తీసిన, ఫికర్ జేయకు అని చెప్పింది. ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు. పండగకీ, పెళ్లిళ్లకీ మెట్టెలు పెట్టుకుంటాను. వచ్చాక తీసేస్తాను. మొదటి రెండుసార్లూ చెయ్యి ఆగింది. ఇప్పుడు గాజులు తీసినట్టే తీస్తున్నాను.

మళ్లీ పరుగుకెళ్లిన పొద్దున చలిగా ఉంది. నిమ్మరంగు సాక్సులు లోపలివైపు తిప్పి, వేలితో రాసి చూసి, తొడుక్కున్నాను. వేళ్లు ఒకదానికొకటి హాయిగా ఆనుకున్నాయి. మొదటి చుట్టు భయంభయంగా, ప్రతి అడుగుకీ ఎక్కడ మంటపుడుతుందా అని ఎదురుచూస్తూ పరుగెత్తాను. రెండో చుట్టులో కాలి సంగతి మర్చిపోయాను. సాక్సు మంచిదైతే దాని పని అంతే, అది ఉన్నట్టు గుర్తు రాకూడదు. నడకవాళ్లెవరో చెయ్యెత్తి పలకరించారు. నేనూ చెయ్యెత్తాను గానీ ఆగలేదు. ఎండ అప్పుడే చెట్ల మధ్యకి దిగుతోంది, చెమట వీపు మీద చల్లబడుతోంది, నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉంది. బూట్లు, సాక్సులు విప్పాను. కాలు ఇటు పెట్టమని తన ఒడి చూపించింది. నేను వెనక్కి తగ్గాను. పెద్దల పాదాలకి మనం దండం పెడతాం గానీ, మన పాదం తీసుకెళ్లి పెద్దావిడ ఒడిలో ఎలా పెడతాం? చెమట కాలు అత్తమ్మా, వద్దన్నాను. ఆమె వినలేదు. వంగి మడమ పట్టుకుని, తెల్లచీర మీదకి లాక్కుంది.

చూపు ఆనదు కాబట్టి వేళ్లతోనే చూసింది. బొటనవేలు పక్కకి జరిపి, దాని పక్క వేలు మొదలు నుంచి చివరిదాకా, చుట్టూరా, సందులోకి, నెమ్మదిగా తడిమింది. ఆ వేలే ఆమెకి లేదు. ఒకసారి చూసి తృప్తి లేక మళ్లీ మొదటి నుంచి తడిమింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను.

"ఏం లేదు," అంది అత్తమ్మ. "రేపు గూడ పో."